చంద్రగ్రహణం రాత్రి కెమెరాతో

(ఒక ఫొటోగ్రఫీ క్లబ్ సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈ ప్రసంగం ఉందని తెలిసిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడుగుతున్న ప్రశ్న ఒకటే. "సార్, గ్రహణానికి ఏ లెన్స్ కొనాలి?" జవాబు చెబుతాను, కాకపోతే కాసేపు ఆగి చెబుతాను. చంద్రగ్రహణం ఫొటోలు చాలామందికి చెడిపోయేది లెన్స్ చిన్నదై కాదు. ఆ రాత్రి వెలుతురు ఎంత మారుతుందో వాళ్లకు అంచనా ఉండదు. లక్షల లెన్స్ చేతిలో ఉన్నా అంచనా లేకపోతే మిగిలేది తెల్లటి చుక్కో, ఎర్రగా అలుక్కుపోయిన మరకో.

చంద్రుడు రాత్రిపూట కనిపిస్తాడు కాబట్టి అది రాత్రి ఫొటో అనుకుంటాం. ఆటోలో పెడితే కెమెరా కూడా అలాగే అనుకుంటుంది. ఫ్రేము నిండా నల్లటి ఆకాశం చూసి షట్టర్ ఎక్కువసేపు తెరుస్తుంది, చంద్రుడు సున్నం ముద్దలా తెల్లబడిపోతాడు. నిజానికి మనం తీస్తున్నది ఎండలో ఉన్న నేలను. మధ్యాహ్నం మన రోడ్ల మీద కాసే ఎండే అక్కడా కాస్తోంది. చంద్రుడి నేల తన మీద పడిన వెలుగులో సుమారు 12 శాతం మాత్రమే వెనక్కి పంపుతుంది, కాబట్టి దాని రంగు అరిగిన తారు రోడ్డుకు దగ్గర. అందుకే పౌర్ణమి చంద్రుడికి పగటి ఎక్స్‌పోజరే సరిపోతుంది. ఫిల్ము కెమెరాల కాలం నుంచీ ఒక లెక్క ఉంది: అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గితే రంధ్రం పెద్దది) ఎఫ్ 11 పెట్టి, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును పట్టే చురుకుదనం) ఎంతుంటే షట్టర్‌ను సెకనులో అన్నో వంతు పెట్టడం. ఐఎస్ఓ 100 అయితే సెకనులో నూరో వంతు. నడినెత్తిన ఉన్న చంద్రుడికి ఇంకొంచెం తగ్గించినా పరవాలేదు. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, సెకనులో 250వ వంతు. ఈ మూడు అంకెలూ గుర్తుంచుకోండి.

ఇక సంపూర్ణ గ్రహణం మధ్యలో, చంద్రుడు రాగిరంగుకు తిరిగినప్పుడు, మామూలుగా కావలసింది ఐఎస్ఓ 1600, ఎఫ్ 5.6, ఒక సెకను. లెక్క వేద్దాం. షట్టర్ 250 రెట్లు, అపెర్చర్ రెండు రెట్లు, ఐఎస్ఓ పదహారు రెట్లు. గుణిస్తే ఎనిమిది వేలు. అంటే పదమూడు స్టాపులు, ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది. గంట సేపట్లో, ఒకే వస్తువు, ఉన్నచోటే ఉండి, ఎనిమిది వేలవ వంతుకు పడిపోయింది. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, మీరే చెప్పండి, మండపంలో ఇలాంటి మార్పు ఎప్పుడైనా చూశారా?

ఒక నిజమైన గ్రహణం తీసుకుని చూద్దాం. 2025 సెప్టెంబరు 7, భాద్రపద పౌర్ణమి. హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం ముందు రోజే అయిపోయింది. ఆ రాత్రి 8:58కి చంద్రుడు ఉపచ్ఛాయలోకి, అంటే భూమి అసలు నీడ చుట్టూ ఉండే పలుచటి నీడలోకి వచ్చాడు. 9:57కి స్పర్శ (అసలు నీడ తాకడం), 11:01కి నిమీలనం (చంద్రుడు పూర్తిగా మునగడం), 11:42కి మధ్యకాలం, 12:23కి ఉన్మీలనం (మళ్లీ బయటపడటం మొదలు), 1:26కి మోక్షం (అసలు నీడ వీడటం). 2:25కి ఉపచ్ఛాయ కూడా వీడింది. సంపూర్ణ దశ 82 నిమిషాలు. మన పంచాంగాల్లో మొదటి, చివరి అంకెలు ఉండవు, ఉపచ్ఛాయను గ్రహణంగా లెక్కపెట్టరు కాబట్టి. ఫొటో తీసేవాళ్లకు మాత్రం ఆ గంట చాలా అవసరం, ఎందుకో చెబుతాను.

స్పర్శకు ముందు గంటలో కంటికి పెద్దగా ఏమీ తెలియదు. చివరి ఇరవై నిమిషాల్లో ఒకవైపు కాస్త మసిబారినట్టు ఉంటుంది, అంతే. ఫోకస్ చేయాల్సింది అప్పుడే. లైవ్ వ్యూలో, అంటే కెమెరా తెరమీద చూస్తూ, పది రెట్లు పెంచి, చంద్రుడి అంచు కత్తిరించినట్టు వచ్చేదాకా రింగు మెల్లగా తిప్పండి. తిప్పాక ఆటోఫోకస్ ఆపేసి, రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. సంపూర్ణ దశలో ఆటోఫోకస్‌కు ఆ మసక వెలుగు చాలదు, ముందుకూ వెనక్కూ వెతుకుతూనే ఉంటుంది. మీరేమో చీకట్లో దాంతో కుస్తీ పడుతుంటారు. రాత్రి చల్లబడే కొద్దీ ఫోకస్ కొద్దిగా జరగొచ్చు కాబట్టి మధ్యలో ఒకసారి సరిచూసుకోవాలి. సంపూర్ణ దశలో చంద్రుడి పక్కన చిన్న చిన్న నక్షత్రాలు బయటపడతాయి, వాటి మీద చూసుకోవచ్చు.

స్పర్శ అయ్యాక నీడ లోపలికి పాకుతుంది. ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. వెలుగుతున్న ముక్కకూ నీడలో పడ్డ భాగానికీ తేడా వెయ్యి రెట్లకు పైనే. ఒకే ఫ్రేములో రెండూ రావు. వెలుగు ముక్క కావాలంటే మొదట్లో సెకనులో 250వ వంతు, సగం కప్పేసరికి 125వ వంతు, సన్నటి నెలవంకలా మిగిలినప్పుడు 30వ వంతు. నీడ లోపలి ఎరుపు కావాలంటే సెకను పైనే ఇవ్వాలి, అప్పుడు వెలుగు ముక్క పూర్తిగా మండిపోతుంది. కొందరు ఐదారు ఎక్స్‌పోజర్లు తీసి కంప్యూటర్‌లో కలుపుతారు. బాగా చేసేవాళ్లున్నారు, కాదనను. నా మటుకు అలాంటివాటిలో ఎక్కువభాగం ప్లాస్టిక్ బంతుల్లా కనిపిస్తాయి. నిమీలనానికి ఐదు నిమిషాల ముందు, అంచున సన్నటి వెలుగు మిగిలి, తక్కిన చంద్రుడంతా ఎర్రగా మెరిసేటప్పుడు తీసిన ఒక్క ఫ్రేము నాకు అంతకంటే ఇష్టం.

ఈ ఎరుపు గురించి కాస్త చెప్పాలి. భూమి నీడ పూర్తి చీకటి కాదు. మన వాతావరణం సూర్యకాంతిని లోపలికి వంచుతుంది. గాలిలో అంత దూరం వచ్చేసరికి నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. ఆ క్షణంలో భూమి చుట్టూ ఎక్కడెక్కడ సూర్యోదయాలు, సూర్యాస్తమయాలు జరుగుతున్నాయో, వాటన్నిటి వెలుగూ కలిసి చంద్రుడి మీద పడుతుంది. అందుకే ఏ రెండు గ్రహణాలూ ఒకే రంగులో ఉండవు. ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ఆంద్రే డాంజోన్ 1921లో దీనికి సున్నా నుంచి నాలుగు వరకు ఒక కొలత పెట్టాడు. సున్నా అంటే చంద్రుడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి, నాలుగు అంటే మెరిసే నారింజ. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో అగ్నిపర్వతం పేలింది, ఆ ధూళి పైవాతావరణంలో ఏడాది పైన నిలిచిపోయింది. 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు దాదాపు కనిపించకుండా పోయాడు. అలాంటి రాత్రి నేను ఇందాక చెప్పిన ఒక సెకను ఎందుకూ పనికిరాదు. ఐఎస్ఓ 1600, ఎఫ్ 5.6, ఒక సెకను అన్నది మొదలుపెట్టే చోటు మాత్రమే. తీసిన ప్రతిసారీ హిస్టోగ్రామ్ (ఫొటోలో ఎంత చీకటి, ఎంత వెలుగు ఉందో చూపే గ్రాఫు, కుడి చివర బాగా వెలుగు) చూడండి. మూడు రంగులు విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకోండి, ఎందుకంటే ముందుగా పగిలేది ఎరుపు. మొత్తం వెలుగు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఎరుపు కుడి గోడకు గుద్దుకుని చంద్రుడు పసుపు నారింజకు తిరుగుతాడు. తర్వాత దాన్ని బాగుచేయలేరు.

రంగులను సరిదిద్దే వైట్ బ్యాలెన్స్ సెట్టింగును ఆటోలో ఉంచొద్దు. ఎర్రటి చంద్రుణ్ని చూసి కెమెరా "ఇక్కడేదో తప్పు జరిగింది" అనుకుని ఆ ఎరుపునే దిద్దేస్తుంది. పగటి వెలుతురు సెట్టింగులో, 5200 కెల్విన్ దగ్గర కట్టేయండి. రా ఫైల్లో, అంటే కెమెరా దిద్దని ముడి ఫైల్లో తీస్తే తర్వాత మార్చుకోవచ్చు, నిజమే. కానీ అక్కడికక్కడ తెరమీద నిజం రంగు కనిపిస్తే మీరు తీసుకునే నిర్ణయాలు సరిగ్గా ఉంటాయి. ఇంకోటి, నిమీలనానికి, ఉన్మీలనానికి అటూఇటూ నీడ అంచున లేత నీలిపచ్చ గీత ఒకటి వస్తుంది. ఓజోన్ పొర గుండా వచ్చిన వెలుగు అది, ఓజోన్ ఎరుపును పీల్చుకుంటుంది. కంటికి దొరకడం కష్టం, కెమెరాకు దొరుకుతుంది. దానికోసం ఆ రెండు సమయాల దగ్గర షట్టర్ మార్చుకుంటూ వరసగా తీసుకుంటూ పొండి.

సరే, ఇప్పుడు లెన్స్. సెన్సర్ మీద చంద్రుడి బొమ్మ ఎంత వస్తుందో తెలియాలంటే లెన్స్ మిల్లీమీటర్లను 110తో భాగించండి. 200కు రెండు మిల్లీమీటర్ల కంటే కాస్త తక్కువ, 300కు 2.7, 600కు ఐదున్నర. మామూలు క్రాప్ సెన్సర్ (చాలా కెమెరాల్లో ఉండే చిన్న సెన్సర్) ఎత్తు సుమారు 15 మిల్లీమీటర్లు. కాబట్టి కెమెరాతో పాటు వచ్చే 55-250 జూముతో తీస్తే చంద్రుడు ఫ్రేము ఎత్తులో ఏడోవంతు పైమాటే. కత్తిరించుకుంటే ఫోన్లో, కంప్యూటర్‌లో చూసుకోవడానికి చక్కగా సరిపోతుంది. కావాలంటే పెద్ద లెన్స్ ఆ ఒక్క రాత్రికి అద్దెకు తెచ్చుకోండి. గ్రహణం కోసం కొనొద్దు.

లెన్స్ పెద్దదయ్యే కొద్దీ వచ్చే ఇంకో చిక్కు కదలిక. ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) తిరుగుతుంది. 400 మిల్లీమీటర్ల దగ్గర మామూలు సెన్సర్ పిక్సెల్ ఒక్కోటి రెండు ఆర్క్ సెకన్ల ఆకాశాన్ని చూస్తుంది. ఒక సెకను షట్టర్ తెరిస్తే చంద్రుడు ఏడు పిక్సెళ్లు జరిగిపోతాడు. ఇదీ ఆ ఎర్రటి మరక కథ. ట్రాకర్ (ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే పరికరం) ఉంటే చంద్రుడి వేగానికి పెట్టుకోండి. లేనివాళ్లు ఐఎస్ఓ 3200కు ఎక్కించి అర సెకనులో, ఇంకా పెద్ద లెన్స్ అయితే 6400లో పావు సెకనులో తీయండి. గరకు వస్తుందని భయపడకండి. వెంటవెంటనే ఇరవై ముప్ఫై ఫ్రేములు తీసి, ఆటోస్టాకర్ట్, సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేర్చి కలిపితే గరకు చాలావరకు పోతుంది.

2025 సెప్టెంబరులో మధ్యకాలానికి చంద్రుడు మనకు దాదాపు 65 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు. అంత నిటారుగా లెన్స్ ఎత్తితే బరువంతా వెనక్కి పడి ట్రైపాడ్ ఒరుగుతుంది, లేదా హెడ్డు మధ్యలోనే ఆగిపోతుంది. ముందురోజే అదే ఎత్తులో పెట్టి చూసుకోండి. డాబా మీద తీసేవాళ్లకు ఇంకో మాట. పక్కన ఒక మనిషి నడిచినా స్లాబు అదురుతుంది. కింద నీళ్ల మోటారు వేస్తే చెప్పక్కర్లేదు. ఆ రెండు గంటలు మోటారు వేయొద్దని ఇంట్లో చెప్పి ఉంచండి. టైమర్‌తోనో, రిమోట్‌తోనో షట్టర్ నొక్కండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లోని స్టెబిలైజర్ ఆపేయండి.

ఫోనుతో తీయొచ్చా అని చాలామంది అడుగుతారు. తీయొచ్చు, కానీ జూము చేసి నొక్కేయడం వల్ల లాభం లేదు. కొన్ని ఫోన్లు చంద్రుణ్ని గుర్తుపట్టి తమకు ముందే తెలిసిన వివరాలను దాని మీద అద్దుతాయి. గ్రహణంలో ఉన్న చంద్రుడికి అలా అద్దితే వచ్చేది మీరు చూసిన చంద్రుడి ఫొటో కాదు. ప్రో మోడ్‌లోకి వెళ్లి, ఐఎస్ఓ, షట్టర్ చేత్తో పెట్టండి. ఒక చిన్న టెలిస్కోపో, స్టాండు మీద పెట్టిన బైనాక్యులరో ఉంటే, దాని కంటి గాజు దగ్గర ఫోనును క్లాంపుతో బిగించండి. పాక్షిక దశలు ఆశ్చర్యపోయేంత బాగా వస్తాయి. చేత్తో పట్టుకుంటే మాత్రం రాదు, క్లాంపు తప్పనిసరి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. దీనికి 200 మిల్లీమీటర్ల లెన్స్ చాలు. పాక్షిక దశలో చంద్రుడి మీద పడే నీడ అంచు వంపు తిరిగి ఉంటుంది కదా, అది భూమి అంచు. చంద్రుణ్ని కప్పేది భూమి నీడేనని క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు చెప్పాడు. ఆ నీడ ఎంత పెద్దదో మీరే కొలవొచ్చు. నీడ సగం దాకా వచ్చిన ఒక ఫొటో ప్రింటు తీయండి. నీడ అంచున మూడు చుక్కలు పెట్టి, స్కూల్లో నేర్చుకున్నట్టే లంబ సమద్విఖండన రేఖలు గీయండి. అవి కలిసే చోటు నీడ కేంద్రం. దాని వ్యాసాన్ని చంద్రుడి వ్యాసంతో భాగిస్తే రెండున్నరకు పైన, 2.6, 2.7 దగ్గర రావాలి. అంచు మసకగా ఉంటుంది కాబట్టి మీ చుక్కలు అటూఇటూ అవుతాయి, ఫలితమూ అవుతుంది. పిల్లల చేత చేయించండి, కంపాస్ పెట్టె ఇంతకంటే మంచి పనికి ఎప్పుడూ వాడి ఉండరు. ట్రాకర్ ఉన్నవాళ్లు దాన్ని నక్షత్రాల వేగానికి పెట్టి, మొదటి నుంచి చివరి దాకా తీసిన ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి వేస్తే, నీడ దాదాపు ఒకేచోట నిలబడి చంద్రుడే దాని గుండా దాటిపోతాడు. ఆకాశంలో ఎప్పుడూ కనిపించని ఆ గుండ్రటి నీడ, చంద్రుడి ముక్కల మీద మొత్తం బయటపడుతుంది.

వైడ్ లెన్స్ ఉన్నవాళ్లు వరస ఫొటో తీస్తారు, అంటే ఒకే ఫ్రేములో చంద్రుడు దశదశగా. చంద్రుడు తన వెడల్పు అంత దూరం జరగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాలకొకటి తీస్తే మధ్యలో చక్కటి ఖాళీ వస్తుంది. స్పర్శ నుంచి మోక్షం దాకా మూడున్నర గంటలు, అంటే ఆకాశంలో యాభై డిగ్రీల పైన. ఐరోపా, అమెరికా వాళ్ల గైడ్లు చూసి కెమెరాను అడ్డంగా పెట్టకండి. వాళ్లకు చంద్రుడు ఏటవాలుగా ఎక్కుతాడు. మన అక్షాంశాల్లో తూర్పున దాదాపు నిటారుగా పైకి పోతాడు. కెమెరా నిలువుగా పెట్టాలి. ఇంకో సంగతి కూడా ఉంది. మామూలు పౌర్ణమి రాత్రి దీపాలు పెట్టిన గోపురాన్నీ చంద్రుణ్నీ ఒకే ఎక్స్‌పోజర్‌లో పట్టలేం. చంద్రుడు మండిపోతాడు, లేకపోతే గోపురం నల్లబడుతుంది. సంపూర్ణ దశలో మాత్రం రెండింటి వెలుగూ రెండు మూడు స్టాపుల తేడాకు వచ్చేస్తుంది. ఎనిమిది వేల రెట్ల చీకటి మనకు ఇచ్చే అవకాశం ఇది. గ్రహణం రోజు గుళ్లు మూసే ఉంటాయి, శ్రీకాళహస్తి లాంటి చోట తప్ప. దూరం నుంచి తీసుకునేవాళ్లకు జనం తక్కువగా ఉండటం మంచిదే. ట్రైపాడ్‌కు అనుమతి మాత్రం ముందే అడగండి.

కెమెరా గడియారాన్ని ఫోను టైముతో సెకను దాకా సరిచేయండి. చాదస్తం అనుకోకండి. 2019 జనవరి 21 గ్రహణంలో, సంపూర్ణ దశ మొదలైన కాసేపటికి, చంద్రుడి మీద ఒక చిన్న ఉల్క పడి క్షణకాలం మెరిసింది. అది మన దేశంలో పగలు. అమెరికాలు, ఐరోపా, ఆఫ్రికాల్లో ఎందరో ఔత్సాహికులు అప్పటికే తీసి పెట్టుకున్న ఫొటోలు, వీడియోలు తిరగేసి ఆ మెరుపును వెతికిపట్టుకున్నారు. గడియారం సరిగ్గా ఉన్నవాళ్ల ఫ్రేములే పరిశోధకులకు పనికొచ్చాయి.

మబ్బుల సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధం అవుతుంది. 2018 జులై 27 రాత్రి గ్రహణం సంపూర్ణ దశ 103 నిమిషాలు, ఈ శతాబ్దంలోకెల్లా పొడవైనది. మనకు వానాకాలం. 2025ది కూడా వానాకాలమే. యాప్‌లో వర్షం బొమ్మ చూసి ముందే మానుకోవద్దు. ఆ సాయంత్రం ఇన్సాట్ ఉపగ్రహం మేఘ చిత్రాలు చూసి, ఖాళీ ఎటు కదులుతోందో గమనించండి. పలుచటి మబ్బు అయితే ఒకటి రెండు స్టాపులు పెంచి తీస్తూనే ఉండండి. చుట్టూ పరుచుకున్న ఎర్రటి మసక కొన్నిసార్లు శుభ్రమైన ఆకాశం కంటే అందంగా వస్తుంది.

"గ్రహణం చూడకూడదు, కళ్లకు ప్రమాదం" అని ఇంట్లో ఎవరైనా అంటే, సూర్యగ్రహణానికీ దీనికీ తేడా నెమ్మదిగా చెప్పండి. ఇది ఎప్పుడూ చూసే వెన్నెలే, ఇంకా తగ్గిన వెన్నెల. కంటికీ కెమెరాకూ ఏ ఫిల్టరూ అక్కర్లేదు. మా పెద్దమ్మ పట్టు విడుపు స్నానాలు ఏవీ మానదు, అయినా మధ్యలో ఒకసారి డాబా మీదికి వచ్చి "ఎంత ఎర్రగా ఉన్నాడురా" అని చూసి వెళుతుంది. ఆవిడతో నాకు గొడవేమీ లేదు.

ఇక ముందున్నవి. 2026 మార్చి 3న చంద్రుడు మనకు గ్రహణంతోనే ఉదయించాడు, 6:47కే మోక్షం అయిపోయింది. అదే ఏడాది ఆగస్టు 28ది మన దేశంలో కనిపించేది కాదు. 2027లో ఉన్నవన్నీ ఉపచ్ఛాయ గ్రహణాలే. 2028 జులై 6 అర్ధరాత్రికి కాస్త ముందు పాక్షికం ఒకటుంది, అది మళ్లీ వానల్లోనే, దొరికితే సాధనకు వాడుకోండి. అసలుది 2028 డిసెంబరు 31. స్పర్శ రాత్రి 8:37, నిమీలనం 9:46, మధ్యకాలం 10:22, ఉన్మీలనం 10:58, మోక్షం 12:06. చలికాలపు ఆకాశం. చంద్రుడు మిథునంలో, ఓరియన్ (వేటగాడు) నక్షత్రరాశికి దగ్గర్లో. ఊరికి దూరంగా వెళ్లగలిగితే, సంపూర్ణ దశలో 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఎర్రటి చంద్రుడూ, ఓరియన్ మూడు చుక్కలూ, మధ్యలో పాలపుంత కూడా ఒకే ఫ్రేములో వస్తాయి. లెన్స్ మీద మంచు పట్టకుండా చూసుకోవాలి, వేడి ప్యాకెట్ ఒకటి రబ్బరు బ్యాండుతో కట్టినా చాలు.

స్పర్శప్పుడు మనకు చంద్రుడు దాదాపు 40 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, మోక్షానికి నడినెత్తికి వస్తాడు. వరస ఫొటో తీసేవాళ్లకు అందులో ఒక మెలిక ఉంది. పన్నెండింటికి ఊరంతా టపాసులు పేలుస్తుంది, నీడ పూర్తిగా వీడేది 12:06కి. ఆ చివరి ఫ్రేముల్లో పొగ రాకుండా ఊరు దాటి వెళతారా, లేక తారాజువ్వలు కూడా ఫ్రేములోకి వచ్చేలా డాబా మీదే ఉంటారా అన్నది ట్రైపాడ్ పాతకముందే, ఎనిమిదిన్నర లోపలే తేల్చుకోండి. మధ్యలో దాన్ని కదిపితే అప్పటిదాకా తీసిన వరస మొత్తం పోతుంది.

ఎవరికైనా తమ కెమెరాలో ఈ సెట్టింగులు ఎక్కడున్నాయో తెలియకపోతే తెచ్చి చూపించండి, నేను ఇక్కడే ఉంటాను.